సిగరెట్ మానేద్దామనుకుంటున్నా. జనం చూపులు సాయం చేస్తున్నాయా, అడ్డుపడుతున్నాయా?

రాత్రిషిఫ్ట్:
నమస్తే అందరికీ. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇంజనీరింగ్‌లో హాస్టల్ మెట్ల మీద మొదలైన అలవాటు, నలభైకి దగ్గరపడ్డా ఇంకా వదల్లేదు. గచ్చిబౌలి వైపు ఆఫీసు. చేరిన కొత్తలో టీ బ్రేక్ అంటే సిగరెట్ బ్రేకే. మేనేజరు, టీమ్ లీడు, ఆడిట్‌కి వచ్చినవాళ్లు అందరూ కింద టీ కొట్టు దగ్గరే ఉండేవాళ్లు. ఎవరికి ఎంత హైక్ వచ్చిందో, ఏ ప్రాజెక్టు మూతపడుతోందో అక్కడే ముందు తెలిసేది. కాల్చనివాళ్లు కూడా ఆ కబుర్ల కోసం వచ్చి పొగలో నిలబడేవాళ్లు.

ఇప్పుడు నేనూ ఇంకొకాయనా జనరేటర్ వెనకాల ఎవరికీ కనపడకుండా నిలబడుతున్నాం. టీమ్‌లో పిల్లలు జిమ్ము, ప్రొటీను అంటారు. మొన్న లిఫ్టు ఎక్కితే ఒకమ్మాయి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది, నోరు తెరిచి ఏమీ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "మూడో ఫ్లోర్ బాల్కనీ నుంచి పొగ వస్తోంది, పిల్లలున్నారు" అని ఎవరో పెడితే కింద వరసగా బొటనవేళ్లు.

మానాలనే ఉంది. కానీ ఎవరైనా అలా మొహం పెడితే ఒళ్లు మండి ఇంకోటి ఎక్కువ కాలుస్తున్నా. మీలో మానేసినవాళ్లు సిగ్గుపడి మానారా, భయపడి మానారా, ఇంకేదైనా పనిచేసిందా? క్లాసులు మాత్రం పీకకండి, ఇంట్లో రోజూ వింటున్నా.

మాజీ_కండక్టర్:
బాబూ, నేను ఆర్టీసీలో చేరినప్పుడు బస్సులో "పొగ త్రాగరాదు" అని అక్షరాలు పెద్దగా రాసి ఉండేవి, సరిగ్గా దాని కిందే కూర్చుని పెద్దమనుషులు బీడీ ముట్టించేవాళ్లు. ఆపమంటే "టికెట్ కొట్టే పని చూసుకో" అనేవాళ్లు. పెళ్లిళ్లలో విడిదింట్లో పళ్లెంలో వక్కపొడి, కిళ్లీలు, వాటి పక్కనే సిగరెట్ ప్యాకెట్లు విప్పి పెట్టాలి. ఫలానా బ్రాండు పెట్టలేదని అలిగిన మగపెళ్లివారిని నేను కళ్లారా చూశాను. ఇప్పుడు పెళ్లిచూపులకు ముందు ఫోన్‌లోనే "అబ్బాయికి అలవాట్లేమైనా ఉన్నాయా అండీ" అని అడిగేస్తున్నారు.

బహిరంగ ప్రదేశాల్లో తాగొద్దని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది, 2003లో చట్టం వచ్చింది, 2008 అక్టోబర్ 2 నుంచి రూల్సు గట్టిగా పెట్టి 200 రూపాయల దాకా జరిమానా అన్నారు. నా సర్వీసులో ఆ జరిమానా కట్టినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు. కానీ ఒకటి మారింది. చట్టం వచ్చాక కండక్టరుకు బలం వచ్చిందో లేదో గానీ పక్క సీట్లో కూర్చున్న ఆవిడకు నోరొచ్చింది. "దిగి తాగండి" అని ఆవిడ అంటే బస్సంతా ఆవిడ వైపే. అంతకుముందు ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని ఊరుకునేది. మీ లిఫ్టులో అమ్మాయి చేసింది కూడా అదే బాబూ, తన ముక్కు తను మూసుకుంది. దానికి మనం కోప్పడేదేముంది.

నేను మానింది గుండెకు స్టెంట్ పడ్డాకే. భయం ఖాతాలో రాసుకోండి.

చిన్నగోల్డు:
మొదలైంది. నా డబ్బు, నా ఊపిరితిత్తులు. పన్ను పెంచాలంటే మొదట గుర్తొచ్చేదీ మేమే, రోడ్డు మీద నిలబడనివ్వనిదీ మమ్మల్నే. నల్లగా పొగ కక్కుతూ పోయే లారీని చూసి ఎవరూ వాట్సాప్ గ్రూపులో పెట్టరు. నిజంగా అంత పాపమైతే పంటే ఆపేయొచ్చుగా? గుంటూరులో కేంద్ర ప్రభుత్వం వారి పొగాకు బోర్డు ఉంది, రాజమండ్రిలో 1947 నుంచి పొగాకు మీద పరిశోధన చేసే సంస్థ ఉంది. ఓ చేత్తో పండిస్తారు, ఇంకో చేత్తో ప్యాకెట్ మీద పుండ్ల బొమ్మ వేస్తారు. ముందు దీనికి ఎవరైనా జవాబు చెప్పండి, తర్వాత నేను మానడం సంగతి.

కొండపి_కుర్రోడు:
బోర్డు మాట ఎత్తారు కాబట్టి వస్తున్నా. మాది ప్రకాశం జిల్లా, కొండపి వేలం కేంద్రం పరిధి. నా చదువు, చెల్లి పెళ్లి అన్నీ పొగాకు బ్యారన్ (పచ్చి ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) మీదే జరిగాయి. మా నాన్న జన్మలో సిగరెట్ ముట్టలేదు. "అమ్మడానికి పండిస్తున్నాంరా, తాగడానికి కాదు" అనేవాడు. తడి ఆకు కోసినరోజు ఆ నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి పోయి కూలీలకు తల తిరిగేది, వాంతులయ్యేవి, రాత్రికి అన్నం సయించేది కాదు. ఇప్పటికీ అంతే. పూర్తి చేతుల చొక్కా వేసుకోమంటే ఎండకి ఎవరు వేసుకుంటారు.

బోర్డు చేసేది ఎవరు ఎంత పండించాలో చెప్పడం, వేలం జరిపించడం, ఎగుమతి చూడడం. మా ఆకులో చాలా భాగం ఓడెక్కి బయటి దేశాలకే పోతుంది. పంట ఆపమనడం తేలిక. బ్యారన్ కట్టడానికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు, అంత డబ్బు చేతికిచ్చే పంట ఆ నేలకి ఇంకోటి చూపించండి, సంతోషంగా ఆపేస్తారు. పంట ఉంది కాబట్టి నేను తాగుతాను అనడం మాత్రం చిన్నగోల్డు అన్నా, అది సాకు. నేను కూడా బెంగళూరులో పీజీలో ఉన్నప్పుడు అచ్చం ఇదే సాకు చెప్పేవాణ్ని, పైగా "మా ఊరి ఆకు" అని గొప్పలు కూడా.

ఇందూరు_ఆడబిడ్డ:
మా దిక్కు బీడీలు. మా అమ్మ పెండ్లి కాకముందు నుంచే చేట ఒళ్లో పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టేది. ఇల్లంతా తంబాకు దుమ్ము, చుట్టినోళ్లకు దగ్గు, మెడనొప్పి, నడుమునొప్పి. తెలంగాణ వచ్చినంక బీడీ కార్మికులకు ఆసరా కింద పింఛను మొదలైంది, గా పింఛను లేకుంటే ఇప్పుడు చానా ఇండ్లు గడవవు, ఎందుకంటే కంపెనీలు నెలలో పని దినాలు తగ్గించేసినయి. పోరగాళ్లు బీడీ ముట్టరు. తాగితే సిగరెట్, లేకుంటే ఏమీ లేదు.

నేను చెప్పేది ఏందంటే, రాత్రిషిఫ్ట్ అన్నా, మీరు జనం చూపుల గురించి బాధపడుతున్నరు. సిగ్గు అందరికీ ఒక్క రేటుకు దొరకదు. పెద్ద హోటల్లో ముప్పై గదులుంటే పొగ తాగేటోళ్లకు వేరే జాగ పెట్టుకోవచ్చని చట్టంలనే ఉంది, విమానాశ్రయంల కూడా గది ఉంటది. బస్టాండు గోడ పక్కన బీడీ ముట్టించిన హమాలీని మాత్రం హోంగార్డు కట్టెతోని అదిలిస్తడు. పొగ ఒక్కటే, తాగేటోడి బట్టలను బట్టి చూపు మారుతది. మా నాయిన హైదరాబాద్ల దవాఖానకు పోతే పక్క బెడ్డాయన "బీడీ వాసన" అని మొకం తిప్పుకున్నడు, ఆయన కూడా సిగరెట్ తాగి ఊపిరి ఆడకనే వచ్చిండు.

సిక్కోలు_చిన్నమ్మి:
పైన రాసిన చెల్లికి దండం. ఇంకో రేటు కూడా ఉంది, ఆడవాళ్ల రేటు. మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రం ఒడ్డు ఊరు. మా నాన్నమ్మ అడ్డపొగ తాగేది. తెలీనివాళ్ల కోసం చెప్తున్నా, చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. గాలికి ఆరదు, నుసి చంటిపిల్లల మీద పడదు. ఊళ్లో పెద్దాడవాళ్లు ఎంతమంది అలా తాగినా తప్పు అన్నవాళ్లే లేరు. మా జిల్లాలో పది వేలమందికి పైగా పల్లె జనం నోళ్లు పరీక్షించి అంగిట్లో వచ్చే తెల్ల మచ్చల మీద 1971లోనే ఒక అధ్యయనం వేశారు. అంటే ప్రపంచానికి అప్పుడే తెలుసు, మా నాన్నమ్మకే ఎవరూ చెప్పలేదు.

నేను విశాఖలో ఉద్యోగం చేస్తూ సిగరెట్ కాల్చాను. అదే ఊరు, అదే వంశం, కానీ నేను కారు అద్దాలు ఎత్తుకుని కాల్చాలి. ఒకసారి బీచ్ రోడ్డులో ఎవడో ఫోటో తీస్తుంటే దిగి గొడవపడ్డాను. మగవాడు తాగితే ఆరోగ్యం పాడైందంటారు, ఆడది తాగితే పెంపకం పాడైందంటారు. దాచుకుని కాల్చేవాళ్లు సాయం అడగడం కూడా దాచుకునే అడగాలి. డాక్టరు "అలవాట్లున్నాయా" అని అడిగితే పక్కన అత్తగారున్నారు, ఏం చెప్పను? లేవన్నాను. అలవాట్లు లేవనుకునే మందులు రాశాడు.

చివరికి ప్యాకెట్ మీద ఉండే 1800-11-2356 కి ఫోన్ చేశాను. ఫోన్‌లో మొహం కనపడదు కదా, అదే నాకు కలిసొచ్చింది. తెలుగులో మాట్లాడారు, ఎప్పుడు కాలుస్తారు, లేవగానే ఎంతసేపటికి మొదటిది అని అడిగారు, ఒక తేదీ పెట్టుకోమన్నారు, మళ్లీ వాళ్లే ఫోన్ చేశారు. ఎవరూ ఛీ అనలేదు. రాత్రిషిఫ్ట్ గారూ, నా మటుకు నాకు జనం చూపులు దాచుకోవడం నేర్పాయి, మానడం నేర్పలేదు.

మాజీ_కండక్టర్:
అమ్మా చిన్నమ్మీ, ఒప్పుకుంటాను. కానీ ఆ చూపులే లేకపోతే మా మనవడి తరం కూడా హాస్టల్ మెట్ల మీద మొదలుపెట్టేది. తాగేవాణ్ని మాన్పించకపోవచ్చు, తాగనివాణ్ని మొదలెట్టకుండా ఆపుతాయి. రెండూ వేరు వేరు లెక్కలు.

మెల్‌బోర్న్_మావయ్య:
ఇక్కడి సంగతి చెప్తాను. 2012 డిసెంబర్ నుంచి ఆస్ట్రేలియాలో అన్ని కంపెనీల ప్యాకెట్లూ ఒకే బురద రంగు, ఒకే అక్షరాలు, మిగతాదంతా బొమ్మలు. ప్రపంచంలో మొదట పెట్టింది ఇక్కడే. ధర సంగతి అడక్కండి, ఒక ప్యాకెట్ డబ్బులతో ఇంటికి రెండు రోజుల కూరగాయలొస్తాయి. బయటి నుంచి వచ్చేవాళ్లు పాతిక సిగరెట్లు, విప్పిన ప్యాకెట్ ఒకటి, అంతకు మించి పన్ను కట్టకుండా తేకూడదు. మా బావమరిది తెలియక పెట్టె నిండా తెచ్చి ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడ్డాడు.

నేను మానింది ధర దెబ్బకే, ఇందులో సిగ్గూ లేదు శరమూ లేదు. అయితే ధర మరీ పెంచితే ఏమవుతుందో కూడా చూస్తున్నాం, దొంగ సరుకు ముఠాలు తయారై ఇక్కడ దుకాణాలు తగలబెట్టుకుంటున్నాయి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2016 నుంచి ప్యాకెట్ మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ వేస్తున్నారు, బాగానే ఉంది, కానీ మన పాన్ డబ్బాలో ప్యాకెట్ కొనేదెవరు? "అన్నా, ఒక చిన్న గోల్డ్" అంటే విడిగా ఒకటి చేతిలో పెడతాడు, తాడుకు వేలాడే లైటర్‌తో వెలిగించుకుని పోతాం. బొమ్మ డబ్బావాడే చూస్తాడు, ఫోన్ నంబరూ వాడి దగ్గరే ఉంటుంది. విడిగా అమ్మడం ఆపితే పిల్లలు మొదలుపెట్టడం సగం ఆగిపోతుందని నా నమ్మకం. మహారాష్ట్ర 2020లో ఆ పని చేసింది కూడా.

చిన్నగోల్డు:
విడిగా ఆపితే నాలాంటివాడు రోజుకి మూడు తాగేది పోయి ప్యాకెట్ కొని పది తాగుతాడు. అది కూడా రాసుకోండి.

మెల్‌బోర్న్_మావయ్య:
నీలాంటివాడు తాగొచ్చు తమ్ముడూ. జేబులో ఇరవై రూపాయలున్న ఇంటర్ కుర్రాడు ప్యాకెట్ కొనలేడు. నేను వాడి గురించి మాట్లాడుతున్నా.

నిర్వాహకుడు:
వేప్ అమ్ముతామంటూ ఒకరు పెట్టిన పోస్టు తీసేశాను. ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, ప్రకటన అన్నీ 2019లోనే నిషేధించారు. "మానడానికి వాడండి" అని ఎంత తియ్యగా రాసినా ఇక్కడ ఉండదు. మిగతా చర్చ కానివ్వండి.

మందుల_కొట్టు:
పాతికేళ్లుగా మెడికల్ షాపు, తెనాలి. రాత్రిషిఫ్ట్ గారు అడిగినదాన్లో "ఏం పనిచేస్తుంది" అన్న సగానికి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండానే దొరుకుతుంది. తీసుకెళ్లిన పదిమందిలో ఎక్కువమంది వారంలో వచ్చి "పనిచెయ్యలేదండీ, గొంతు మండింది, ఎక్కిళ్లొచ్చాయి" అంటారు. ఎలా తిన్నారంటే బబుల్‌గమ్ నమిలినట్టు నమిలేశారు. అలా కాదు. నాలుగుసార్లు నెమ్మదిగా నమిలి, ఘాటు తెలియగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ కొంచెం నమలాలి, అలా అరగంట. మందు వెళ్లేది బుగ్గ లోపలి చర్మంలోంచి, కడుపులోకి మింగితే దండగ. ఇంకా ముఖ్యమైనది, గమ్‌కి ముందు పావుగంట, గమ్ ఉన్నంతసేపు కాఫీ, టీ, కూల్‌డ్రింకు, పళ్లరసం వద్దు. నోట్లో పులుపు ఉంటే మందు ఎక్కదు. మనవాళ్లు సిగరెట్ గుర్తొచ్చేది టీ తాగేటప్పుడే కదా, టీతో పాటు గమ్ వేసుకుంటారు, అక్కడే చెడుతుంది.

కాఫీ బాగా తాగేవాళ్లకి ఇంకో మాట. సిగరెట్ పొగ వల్ల లివరు కాఫీలో ఉండే కెఫీన్‌ని త్వరగా కరిగించేస్తుంది. పొగ మానగానే ఆ వేగం తగ్గిపోతుంది. రోజూ తాగే మూడు కప్పులే ఆరు కప్పుల్లాగా పనిచేస్తాయి. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చిరాకు. జనం ఇదంతా సిగరెట్ మానడం వల్లే అనుకుని మళ్లీ ముట్టిస్తారు. మానిన వారం కాఫీ సగం చేయండి, చాలా తేడా తెలుస్తుంది.

మొదటి మూడు రోజులూ గట్టిగా ఉంటుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. మలబద్ధకం వస్తుంది, నోట్లో పుండ్లు వస్తాయి, దగ్గు కొన్నాళ్లు పెరుగుతుంది కూడా, ఊపిరి గొట్టాల్లో కసువు ఊడ్చే సన్నటి నూగు మళ్లీ పని మొదలుపెడుతుంది కాబట్టి. బరువు నాలుగైదు కిలోలు పెరగొచ్చు. ఇవేవీ ముందు చెప్పకుండా "మానేయ్, అంతా బాగుంటుంది" అంటే మనిషి భయపడి వెనక్కి పోతాడు. గమ్‌తో కుదరనివాళ్లకి వరెనిక్లిన్, బుప్రోపియాన్ అని మాత్రలున్నాయి, అవి డాక్టరు చీటీతోనే, ఫిట్సు ఉన్నవాళ్లు బుప్రోపియాన్ వాడకూడదు. గుండెకి వచ్చే ముప్పు మానిన ఏడాదికి సగానికి తగ్గుతుంది, కండక్టరు గారు అది చూసే ఉంటారు.

రాత్రిషిఫ్ట్:
కాఫీ సంగతి నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు సార్. పోయినసారి మానినప్పుడు నిద్రలేక పిచ్చెక్కినట్టయింది, నైట్ షిఫ్టులో మెషీన్ కాఫీ మీద కాఫీ తాగేవాణ్ని. గమ్ కూడా మీరన్నట్టే నమిలి పారేశాను.

చూపుల గురించి కూడా చదువుతున్నా. ఇందూరు ఆడబిడ్డ గారు చెప్పింది చదివాక మా జనరేటర్ దగ్గరే చూశాను. హౌస్‌కీపింగ్ ఆయన వచ్చి బీడీ ముట్టిస్తే నా పక్కనున్నాయన పక్కకి జరిగాడు. చేతిలో సిగరెట్ పెట్టుకునే.

చిన్నగోల్డు:
సరే, ఒక్కటి అడుగుతాను, వెక్కిరించకుండా చెప్పండి. ఇంతమంది మానుతున్నారంటున్నారు కదా, లెక్కల్లో నిజంగా తగ్గిందా, లేకపోతే జనరేటర్ వెనక్కి పోయిందా?

కొండపి_కుర్రోడు:
తగ్గింది అన్నా. దేశంలో పెద్దవాళ్లలో పొగ తాగేవాళ్లు 2009-10 సర్వేలో 14 శాతం, 2016-17 కి 10.7 శాతం. నమలడం, పీల్చడం అన్నీ కలిపి పొగాకు వాడేవాళ్లు 34.6 నుంచి 28.6 కి వచ్చారు. సర్వేలో దాచుకున్నవాళ్లు కొందరుంటారు, చిన్నమ్మి గారు డాక్టరు దగ్గరే దాచారు కదా. అయినా అంత తేడా అంతా దాపరికం కాదు.

చిన్నగోల్డు:
చూశాను. మానుతానని చెప్పట్లేదు. ఆ గమ్ పేరు మాత్రం మెసేజ్ పెట్టండి మందుల కొట్టు గారూ.

మందుల_కొట్టు:
పేరెందుకు బాబూ, ఏ షాపులోనైనా "నికోటిన్ గమ్ రెండు మిల్లీగ్రాములది" అంటే ఇస్తారు.

తుని_కొత్తవాడు:
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. మా నాన్నగారికి అరవై దాటింది, చుట్ట. చిన్నప్పటి నుంచి తాగుతున్నారు. ఇంటికి కోడలొచ్చాక ఆవిడ ముందు తాగలేక దొడ్లో పశువుల పాక దగ్గరికి వెళ్లి తాగొస్తున్నారు. మానేస్తానంటున్నారు, ఇదే మొదటిసారి ఆయన నోట వినడం. పళ్లు కదులుతున్నాయి, గమ్ నమలలేరు. బీపీ ఉంది. ఏం చెయ్యాలి?

మందుల_కొట్టు:
పళ్లు కదిలేవాళ్లకి గమ్ వద్దు. చర్మం మీద అంటించే ప్యాచ్‌లుంటాయి, చప్పరించే బిళ్లలుంటాయి. బీపీ ఉంది కాబట్టి ముందు డాక్టరుకి చూపించి మొదలుపెట్టండి. రోజుకి ఎన్ని చుట్టలు, లేవగానే ఎంతసేపటికి మొదటిది, ఈ రెండూ రాసుకుని వెళ్లండి, ప్యాచ్ ఎంతది కావాలో దాన్నిబట్టే చెప్తారు.

సిక్కోలు_చిన్నమ్మి:
తుని అబ్బాయ్, దానికంటే ముందు ఒక పని చెయ్యి. ఈ సాయంత్రం నాన్నగారిని వెల్తుర్లో కూర్చోబెట్టి, నోరు తెరవమని, ఫోన్ టార్చి వేసి అంగిలి చూడు. నాలిక కింద, బుగ్గల లోపల కూడా. తెల్ల మచ్చ గానీ, ఎర్ర మచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిపో, కోడల్ని కూడా రమ్మను. కనపడకపోయినా ఓసారి చూపించడం మంచిదే. ఆయనకి అడ్డపొగ అలవాటుందా, మామూలు చుట్టేనా?

తుని_కొత్తవాడు:
మామూలు చుట్టేనండి. మా నాయనమ్మకి ఉండేది అడ్డపొగ. సాయంత్రం చూసి చెప్తాను. బల్లమీద కూర్చోబెట్టి నోరు తెరవమంటే తిడతారేమో, మా ఆవిడ చేత అడిగిస్తాను, ఆవిడకైతే కాదనరు.